జనవరి ఒకటిన పుట్టిన టీచర్లు

సింగపూర్ తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసున్న అంతస్తుకి ఒకరోజు పొద్దున్నే పద్దెనిమిది అట్టపెట్టెలు వచ్చాయి. తెచ్చినతను లిఫ్టు దగ్గరే పేర్చేసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. విప్పితే లోపలన్నీ ఫారాలు. ఒక్కో ఫారం ఒక్కో టీచరు. కొన్ని పెన్నుతో రాసినవి, చాలావరకు పెన్సిలుతో రాసినవి, కొన్నిటి మీద చెమ్మకి అక్షరాలు పాకిపోయాయి. గదంతా ముక్కిపోయిన వాసన కొట్టింది. మా ఆఫీసు పనులన్నీ చూసే చైనీస్ ఆంటీ ముక్కు మూసుకుని వచ్చి, పెట్టెల్ని ఏసీకి దూరంగా చిన్న గదిలో పెట్టించి తాళం తన దగ్గరే ఉంచుకుంది.

వై టూ కే పుణ్యమా అని సింగపూరొచ్చిన వేలమందిలో నేనొకదాన్ని. ఆ అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచాన్ని భయపెట్టి, ఆ భయంతో మా అందరికీ ఉద్యోగాలిచ్చారు. తీరా ఏమీ ఆగలేదు. ఇంక మా ఉద్యోగాలే ఆగుతాయేమో అనుకుంటున్న రోజుల్లో మా చిన్న కంపెనీకి ఈ పని దొరికింది. యుద్ధం ముగిసి రెండేళ్ళయిన ఒక దేశం తన బళ్ళన్నీ మళ్ళీ తెరవాలనుకుంటోంది. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళకి టీవీలో చూసిన ట్యాంకులు గుర్తొస్తాయి, టీచర్లు గుర్తురారు.

గోడలు ఎవరో కడతారు, పుస్తకాలు ఇంకెవరో అచ్చు వేస్తారు. మా వంతు ఒక జాబితా. ఆ దేశంలో ఇంకా బతికున్న టీచర్లెవరు, ఏ ఊళ్ళో ఉన్నారు, ఎన్నేళ్ళు చెప్పారు అనేది కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వాలి. జాబితాలో పేరున్నవాళ్ళు బడి తెరిచిన రోజు టీచర్లు. పేరు లేనివాళ్ళు కారు. సర్వీసు ఎక్కువ ఉన్నవాళ్ళు హెడ్మాస్టర్లవుతారు. ఇంత పెద్ద మాటని మా మేనేజరు బోర్డు మీద రెండు గీతల్లో రాసి చూపిస్తే నేను తలూపి, మధ్యాహ్నం భోజనానికి ఏం తిందామా అని ఆలోచించాను. ఆ వయసు అలాంటిది.

వాళ్ళ లిపి వచ్చినవాళ్ళని పెట్టి ఫారాలు టైపు చేయించాక తేలిందేమిటంటే, ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఊరు ఉన్న ఎంట్రీలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. మేనేజరుది కరీంనగర్ దగ్గర పల్లె. కుర్చీ వెనక్కి వాల్చి చెప్పాడు. "పాపం భయానికి ఒక్కొక్కరు రెండేసి ఫారాలు ఇచ్చిన్రు. ఒకటి పోతె ఒకటన్న దొరుకుతదని. నువ్వు డూప్లికేట్లు తీసేసే ప్రోగ్రాం ఒకటి రాయి."

రాశాను. బాగా రాశాను కూడా, అదే నా బాధ. పేరు, పుట్టిన తేదీ, ఊరు మూడూ కలిస్తే ఒకే మనిషి. సర్టిఫికెట్ నంబరున్న ఎంట్రీని ఉంచాలి, మిగతావాటిలో పనికొచ్చే వివరాలుంటే దానికి అతికించాలి, తర్వాత వాటిని తీసేయాలి. దానికి చీపురు అని ముద్దుపేరు పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం చీపురు పట్టేసరికి జాబితా నాలుగో వంతు తగ్గిపోయింది. మేనేజరు వచ్చి స్క్రీన్ చూసి "మస్తు చేసినవ్ పో" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వుడ్‌ల్యాండ్స్ ట్రైన్లో నిలబడి వెళ్తున్నా కాళ్ళు నొప్పెట్టలేదు.

జూన్ మొదట్లో ఆ దేశం నుంచి నలుగురు శిక్షణకి వచ్చారు, ఐదు వారాలకి. ముగ్గురు మగవాళ్ళు, ఇస్త్రీ చొక్కాల ఆఫీసర్లు. నాలుగో మనిషి ఒకావిడ. నలభై అయిదేళ్ళుంటాయేమో, చూస్తే యాభై అయిదంటారు. అసలు పని పల్లెటూరి బడిలో పంతులమ్మ. శరణార్థుల శిబిరంలో ఉన్నప్పుడు ఇంగ్లీషు నేర్చుకుంది కాబట్టి పంపారు. మౌసుని మూడు వేళ్ళతో, సుద్దముక్కని పట్టుకున్నట్టు పట్టుకునేది. తప్పు నొక్కితే అరచేత్తో స్క్రీన్ తుడవబోయేది. మొదటిరోజు నవ్వొచ్చింది. రెండోరోజుకి ఆవిడ పక్కనే కుర్చీ వేసుకోవడం నాకు అలవాటయింది.

నన్ను టీచర్ అని పిలిచేది. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. సిగ్గేసి, పేరు పెట్టి పిలవమన్నాను.

"నేర్పేవాళ్ళని మేము పేరు పెట్టి పిలవం" అంది.

ఆ మాట మా ఒంగోలు వైపు ఏ ముసలాయన నోట విన్నా అలాగే ఉండేది. ఇంక నేను వద్దనలేదు.

వాళ్ళకి సెరంగూన్‌లో ఒక హాస్టల్లో బస ఏర్పాటు చేశారు. పక్కనే జూన్ సెలవుల్లోనూ నడిచే చిన్నపిల్లల స్కూలు. ఆవిడ రోజూ పొద్దున్నే కంచె దగ్గర నిలబడి, పిల్లలు వరసల్లో నిలబడి జెండా ఎగరేయడం చూసి, అప్పుడు ఆఫీసుకి వచ్చేది. రాగానే చెప్పేది. "ఈరోజు రెండో వరసలో ఇద్దరు రాలేదు." మర్నాడు, "ఒకడు వచ్చాడు, జలుబు చేసినట్టుంది." ఆ స్కూలుతో ఆవిడకి ఏ సంబంధమూ లేదు. పిల్లలు వరసలో కనిపిస్తే లెక్కపెట్టకుండా ఉండలేదు, అంతే.

భోజనానికి రకరకాల తిండి కొట్లుండే హాకర్ సెంటరుకి తీసుకెళ్ళేదాన్ని. మొదటిసారి నేను ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, రండి తెచ్చుకుందాం అంటే కదల్లేదు. ఇక్కడ దీన్ని చోప్ చేయడం అంటారని, ప్యాకెట్ ఉందంటే మనిషి వస్తాడని అర్థమని, ఎవరూ ఆ చోటు తీసుకోరని చెప్పాను.

"ఎవరూ?"

"ఎవరూ."

"ఎంతసేపు?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మనిషి వచ్చేదాకా అన్నాను. నూడుల్స్ తెచ్చుకుని తిన్నంతసేపూ ఆ ప్యాకెట్ వైపు చూస్తూనే ఉంది. వచ్చేటప్పుడు దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

మూడో వారంలో వాళ్ళకి అసలు జాబితా తెరిచి, పేర్లు వెతకడం నేర్పించాను. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కోండి అన్నాను. అందరూ చేసేదే. ఆవిడ రెండు వేళ్ళతో తన పేరు కొట్టింది. వచ్చింది. ఒక వరస. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఒకే వరస. ఊరి పేరు కొట్టింది. అప్పుడూ అదే.

"టీచర్, ఇక్కడ ఇద్దరుండాలి" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ళ బడిలో టీచర్లు ఇద్దరే. ఇద్దరిదీ ఒకే పేరు. వాళ్ళ వైపు ఇంటిపేర్లు ఉండవట, ఇంటికో ఆడపిల్లకి ఆ పేరే పెడతారట. అందుకని ఊరంతా ఈవిడని పెద్ద అని, రెండో ఆవిడని చిన్న అని పిలిచేవాళ్ళు. తమాషా ఏమిటంటే చిన్నే ఈవిడకంటే పొడుగు, వయసులోనూ పెద్ద. కాకపోతే బడిలో చేరింది ఒక ఏడాది తర్వాత.

ఎంత సంబరంగా వివరించానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒకే మనిషి రెండు ఫారాలిస్తే మా ప్రోగ్రాం ఎలా పట్టేస్తుందో, రెంటినీ ఎలా కలిపేస్తుందో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఆవిడ బొమ్మల వైపు చూడలేదు. స్క్రీన్ మీద తన పేరున్న వరసని వేలితో చదువుకుంటూ వెళ్ళింది. సర్టిఫికెట్ నంబరు దగ్గర ఆగింది.

"ఇది నాది" అంది. "పరుపులో పెట్టి కుట్టుకుని సరిహద్దు దాటాను."

వేలు పక్క గడికి జరిగింది. సర్వీసు. యుద్ధం జరిగిన ఏళ్ళతో కలిపి, ఎక్కడా తెగకుండా, పంతొమ్మిదేళ్ళు.

"ఈ ఏళ్ళు నావి కావు. నేను ఆరేళ్ళు శిబిరంలో ఉన్నాను. బడిలో లేను. అక్కడ ఉన్నది చిన్న."

నా చీపురు చేసిన పని అది. ఈవిడ సర్టిఫికెట్‌కి రెండో ఆవిడ ఏళ్ళు అతికించి, ఆమెని తీసేసింది. ఊరికే ఉంటే ఈవిడ రేపు ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్. ఉండలేదు. ఆ సంగతి ఆ క్షణాన నాకు తట్టనే లేదు. నా ప్రోగ్రాంని తప్పుపడుతోందన్నదొక్కటే కనిపించింది.

"మరి ఇద్దరూ ఒకే రోజున పుట్టారా?" అని అడిగాను, పోలీసువాళ్ళలాగా.

"అవును. జనవరి ఒకటి. కాగితం మీద" అంది.

కాగితం మీద అన్న మాటని నేను పట్టించుకోలేదు. చూస్తాను అన్నాను. మన ఆఫీసుల్లో ఆ మాటకి అర్థమేమిటో అందరికీ తెలుసు. ఆవిడ నిజంగానే చూస్తాననుకుంది.

రెండు రోజులు ఎదురుచూసి, మూడో రోజు ఆంటీ దగ్గరికి వెళ్ళి చిన్న గది తాళం అడిగింది. ఆ రోజు నుంచి భోజనం మానేసి ఆ గంటసేపు పెట్టెల ముందు కూర్చునేది. చిన్న రాసిన ఫారం ఎక్కడో ఉంటుంది, చేతిరాత తాను గుర్తుపడతాను అంది. పద్దెనిమిది పెట్టెలు. టైపు చేసినవాళ్ళు ఏ వరసా లేకుండా మళ్ళీ కుక్కేశారు. ఆంటీ మొదట గొణిగింది, తర్వాత రబ్బరు గ్లవ్స్ ఇచ్చింది, ఆ తర్వాత రోజూ కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్టు కాగితంలో చుట్టి తెచ్చి తలుపు దగ్గర పెట్టేది. "యువర్ ఫ్రెండ్ నో మాకాన్, హౌ కెన్ లా" అని, ఆవిడ తిండి మానేస్తే ఎలా అని నన్ను తిట్టేది. ఆంటీకి ఉన్న ఇంగితం నాకు లేకపోయింది.

ఒక మధ్యాహ్నం నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. సాయం చేద్దామని కాదు, మనసులో ఏదో గుచ్చుకుని. ఆవిడ కాగితాలు తిప్పుతూనే మాట్లాడింది. భర్తని సైనికులు వెతుకుతున్నారని తెలిసి ఇద్దరూ పారిపోవలసి వచ్చినప్పుడు కూతురికి జ్వరం. నాలుగేళ్ళ పిల్ల. ఎత్తుకుని కొండలు దాటితే చచ్చిపోతుంది. పిల్లని చిన్నకి అప్పగించి, వారంలో వస్తానని చెప్పి వెళ్ళింది. ఆరేళ్ళకి వచ్చింది, ఒక్కతే. ఆ ఆరేళ్ళూ బడికి పైకప్పు లేదు. చిన్నే ధాన్యం కొట్టులో చెప్పింది, పశువుల పాకలో చెప్పింది, పలకలు లేక నేల మీద బొగ్గుతో రాయించింది. ఈవిడ తిరిగొచ్చిన రోజు పిల్ల ఆమె వెనకాల దాక్కుని చూసిందట.

"నా కూతురి వేలు పట్టుకుని మొదటి అక్షరం దిద్దించింది నేను కాదు, టీచర్. ఆమె."

సంచిలోంచి ఆ టిష్యూ ప్యాకెట్ తీసి చూపించింది.

"నేను వారం అని ఆరేళ్ళు రాలేదు. ఆమె అక్కడే కూర్చుంది. నా చోటు ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు నేను ఆమె చోట్లో కూర్చోనా?"

అప్పుడు ఏం చేశానో చెప్పాలి కదా. మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఒక్క రికార్డు వేరు చేస్తానన్నాను. జాబితా శుక్రవారం వెళ్ళిపోవాలి. "ఒక్కదానికి చేస్తె అందరు అడుగుతరు. ఏ ఆధారంతోని చేస్తవ్? ఆమె చెప్పిందని రాస్తవా?" అన్నాడు. పేరు ఒకటే, తేదీ ఒకటే, ఊరు ఒకటే. నా రూలు నాకే అడ్డం వచ్చింది.

ఇక్కడ మా ఆఫీసు ముచ్చట ఒకటి చెప్పాలి. అక్కడ తెలుగువాళ్ళం ముగ్గురం. మేనేజరు, నేను, టెస్టింగ్ చేసే కడపాయన. ముగ్గురి పుట్టినరోజూ జూలై ఒకటి. నేను చేరిన ఏడాది ఈ సంగతి బయటపడ్డప్పుడు ఆంటీ మురిసిపోయింది. "త్రీ పీపుల్ వన్ కేక్, వెరీ గుడ్ లా." అప్పట్నుంచి ఏటా ఒక్క కేకు, ముగ్గురం కలిసి ఒక్క కత్తి పట్టుకుని కోయడం. ఫొటోల్లో మేము చేతులు కాలినవాళ్ళలా ఒకరినొకరు తోసుకుంటూ కనిపిస్తాం.

ఆ ఏడాదీ జూలై ఒకటి వచ్చింది. ఆంటీ పాండాన్ ఆకు రసం వేసిన కేకు తెచ్చింది, ఆకుపచ్చగా. చిన్న గదిలో ఉన్న ఆవిడని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. గ్లవ్స్ విప్పకుండానే వచ్చి నిలబడింది. ముగ్గురం కత్తి పట్టుకున్నాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు.

"ముగ్గురిదీ ఈరోజేనా?" అని అడిగింది.

"యెస్, ఆల్ త్రీ, సేమ్ డే" అంది ఆంటీ, అదేదో తన ఘనతలాగా.

ఆవిడ మా ముగ్గురినీ వరసగా చూసింది, పిల్లల్ని లెక్కపెట్టినట్టే. మేనేజరు, నేను, కడపాయన. తర్వాత నన్ను మాత్రమే చూసి, కోపం లేకుండా, క్లాసులో అర్థంకానివాళ్ళని అడిగినట్టు అడిగింది.

"టీచర్, మీలో ఎవరిని ఉంచాలి?"

కత్తి ఇంకా ముగ్గురి చేతుల్లోనే ఉంది. ఎవరూ వదల్లేదు.

నాకు తెలియనిదేమీ కాదు. అదే నన్ను ఇప్పటికీ కాల్చేది. నేను పుట్టింది జూలైలో కాదు. మా అమ్మనడిగితే, ఆ ఏడు మన పొగాకు ఆరబెట్టే బ్యారనీ కొట్టానికి మొదటిసారి మంట పెట్టిన రోజు అంటుంది. అంటే జనవరో ఫిబ్రవరో. బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు తేదీ అడగలేదు. నిటారుగా నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమన్నాడు. వేళ్ళు చెవికి తగిలాయి. అయితే అయిదేళ్ళు నిండాయి అని, రిజిస్టరులో జూలై ఒకటి వేసుకున్నాడు. ఆ ఏడు చెవి అందుకున్న పిల్లలందరికీ అదే తేదీ. మా క్లాసు సగం జూలై ఒకటిన పుట్టింది. వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాకు కింద కనిపించే సిక్కోలు అన్నదమ్ములున్నారు, షిప్‌యార్డులో పని. వాళ్ళ పాస్‌పోర్టుల ప్రకారం తమ్ముడు అన్నకంటే నాలుగు నెలలే చిన్న. దాని మీద వాళ్ళని ఎన్నిసార్లు ఏడిపించానో లెక్కలేదు. ఇంత తెలిసినదాన్ని, కంప్యూటరు ముందు కూర్చునేసరికి పుట్టిన తేదీ అంటే నిజంగా పుట్టిన తేదీ అని నమ్మేశాను.

"మీ దగ్గర బడిలో ఎలా చేర్చుకుంటారు?" అని అడిగాను. "పుట్టిన కాగితం లేకపోతే?"

ఆవిడ కుడిచెయ్యి ఎత్తింది. రబ్బరు గ్లవ్‌తోనే తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకుంది. ఆవిడ చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది, మా మేనేజరు కత్తి వదిలేసి తన చెయ్యి కూడా అలాగే తిప్పి చెవి పట్టుకున్నాడు. పొట్ట వచ్చిన మనిషి, చొక్కా ప్యాంటులోంచి బయటకొచ్చింది. కడపాయన "మాదీ అంతే కదా అన్నా" అన్నాడు మెల్లగా. ఎవరికీ నవ్వు రాలేదు. ఆంటీ ఒక్కతే ఇదేం ఆటో అర్థంకాక మా చెవులవైపు చూస్తూ నిలబడింది.

మేనేజరు చెయ్యి దించి చొక్కా లోపలికి దోపుకున్నాడు. "నేను పుట్టింది బతుకమ్మ పండుగ ముందట" అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియకుండా. తర్వాత నావైపు తిరిగి, "ఎంతమందిని ఊడ్చినవో అందరిని మళ్ళ బయటికి తియ్యి. శుక్రవారం సంగతి నేను చూసుకుంట" అన్నాడు.

ఈసారి చూసుకుంట అన్న మాట నిజమయింది. ఫోన్లో ఎవరితోనో ఎలా మాట్లాడాడో గాని పది రోజులు గడువు తెచ్చాడు. కేకు అలాగే వదిలేసి అందరం చిన్న గదిలోకి వెళ్ళాం. నేల మీద కూర్చుని తలో పెట్టె విప్పాం. ఆంటీ కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళ లిపి మాకెవరికీ రాదు, ఊరి పేరు మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది, అది చూసి తీసి ఆవిడకి ఇస్తున్నాం. నాలుగున్నరకి కాబోలు, కడపాయన చేతికి ఒక ఫారం తగిలింది. ఆవిడ తీసుకోకముందే గుర్తుపట్టింది. గ్లవ్స్ విప్పి, చేతులు పమిటలాంటి తన కండువాకి తుడుచుకుని, అప్పుడు పట్టుకుంది.

పెన్సిలు రాత. సర్టిఫికెట్ నంబరు అన్న గడిలో అంకె లేదు. సన్నటి అక్షరాలతో ఏవో వరసలు ఆ గడిలో పట్టక, అంచుల్లోకి, అంచుల్లోంచి వెనక్కి పాకాయి. టైపు చేసినవాళ్ళు అది నంబరు కాదని వదిలేశారు. నంబరు లేదు కాబట్టి నా చీపురు ఊడ్చేసింది.

"ఏం రాసింది?" అని అడిగాను.

"పేర్లు" అంది. "ఆమె సర్టిఫికెట్ వానకి పోయింది. దాని బదులు తాను చదువు చెప్పిన పిల్లల పేర్లు రాసింది."

ఒక్కొక్కటే చదివింది. ఒక్కో పేరుకీ ఒక్కో మాట చెప్పింది. ఇతను ఇప్పుడు పడవ నడుపుతాడు. ఈ పిల్లకి పెళ్ళయింది. ఇతను లేడు. వీళ్ళిద్దరూ కవలలు, ఒకడే మిగిలాడు. ఫారం వెనక్కి తిప్పి చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. వేలు ఆ పేరు మీదే ఉంది. అది కూతురి పేరని అడక్కుండానే నాకు తెలిసింది. కాసేపటికి ఫారాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, నిశ్శబ్దంగా ఏడ్చింది. ఆంటీ కాయా టోస్టు చుట్టే కాగితం ఒకటి చించి ఇచ్చింది, అది తప్ప చేతికేమీ దొరక్క. నేనూ ఏడ్చాను. దాచుకోవలసిన పని ఏముంది.

ఆ పది రోజుల్లో జాబితాకి ఒక కొత్త గడి చేర్చాం. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు నంబరు రాస్తారు. లేనివాళ్ళు తాము చదువు చెప్పిన ముగ్గురు పిల్లల పేర్లు రాస్తారు, ఆ పిల్లలు దాని పక్కన సంతకం పెడతారు. చీపురు ఊడ్చినవాళ్ళందరి ఫారాలూ విడిగా కట్టలు కట్టి, వాళ్ళని వెతికి ఈ గడి నింపించమని వెనక్కి పంపాం. ఇస్త్రీ చొక్కాల ఆఫీసర్లలో ఒకాయన, ఇలాంటిది ఏ దేశంలో ఉంది అని పెదవి విరిచాడు. ఆవిడ ఆయనకి తమ భాషలో ఏదో చెప్పింది. ఆయన ఒక కట్ట తన ముందుకి లాక్కుని తాడు చుట్టడం మొదలుపెట్టాడు. ఏం చెప్పారని అడిగితే, "మీ మొదటి టీచరు ఎవరు, ఆమె సర్టిఫికెట్ మీరు చూశారా అని అడిగాను" అంది.

ఆఖరి రోజు తన రికార్డు తెరవమంది. సర్వీసు గడిలో యుద్ధకాలం ఆరేళ్ళూ తీయించి, అక్కడ "బోధించలేదు" అని నాతోనే టైపు చేయించింది. కావాలంటే ఖాళీగా వదిలేయొచ్చు అన్నాను. వద్దంది. దాని కింది వరసలో చిన్న. అదే పేరు, అదే ఊరు, అదే జనవరి ఒకటి. తేదీల జోలికి మేము పోలేదు. ఏదో ఒక హెడ్మాస్టరు ఒక పిల్ల చెవి అందుకోగానే సంతోషంగా వేసిన తేదీ అది, ఉండనీ అనుకున్నాను.

ఎయిర్‌పోర్టులో నా చేతిలో ఆ టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళింది. తాను తిరిగి వస్తానని అర్థమా, లేక నన్ను రమ్మనా అని అడగలేకపోయాను.

మరుసటి ఏడాది జూలై ఒకటిన ఆంటీ ఒక్క కేకు తేలేదు. మూడు చిన్న కేకులు తెచ్చి, ఒక్కోదాని ముందు ఒక్కొక్కరిని నిలబెట్టింది. ముగ్గురం ఎవరి కత్తి వాళ్ళం పట్టుకుని, చిన్నపిల్లల్లా బుద్ధిగా కోసుకున్నాం.

ఆ నెలలోనే ఆవిడ దగ్గర్నుంచి ఫ్యాక్స్ వచ్చింది. సుద్దముక్క పట్టినట్టు పెన్ను పట్టి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. బడి తెరిచారట. పైకప్పు వేశారట. పొద్దున వరసల్లో పిల్లలు నిలబడుతున్నారట, రోజూ ఎంతమందో రాసింది. చివర్లో ఇలా ఉంది.

"సర్వీసు ఎక్కువని మీ జాబితా చూసి చిన్నని హెడ్‌మిస్ట్రెస్‌ని చేశారు. నేను ఆమె దగ్గర రెండో తరగతి చెబుతున్నాను. పొద్దున ఆలస్యమైతే నన్ను కోప్పడుతుంది. నాకు చాలా సంతోషంగా ఉంది, టీచర్."